సమ్మర్ సేల్ ముందు అల్లుడికో ఉత్తరం

విజయనగరం,
జూన్ మూడో వారం

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ సైట్‌లో సమ్మర్ సేల్ వస్తోందని, కొనాలని గుర్తుపెట్టుకున్న విష్‌లిస్ట్‌లో 43 ఆటలున్నాయని, చేతిలో 3,000 రూపాయలున్నాయని, ఏవి కొనమంటావు మావయ్యా అని అడిగావు. ఫోన్‌లో చెబుదామంటే పక్కన మీ అమ్మ ఉంటుంది. ఈ వయసులో నేను ఆటలాడతానన్న సంగతే మా అప్పకి ఇంకా మింగుడు పడలేదు. పైగా నీకు సలహాలిస్తున్నానని తెలిస్తే ఇద్దరికీ అక్షింతలే. అందుకే రాస్తున్నాను.

గంటస్తంభం దగ్గర బట్టల షాపులో నేను పద్దెనిమిదేళ్ళు కౌంటర్‌లో నిలబడ్డానని నీకు తెలుసు. ఆషాఢం ఆఫర్లు ఎలా పుడతాయో లోపలి నుంచి చూసినవాణ్ణి. ఆషాఢం రేపో మాపో అనగా ఓ రాత్రి షట్టర్ దించేసి చీరల మీద స్టిక్కర్లు మార్చేవాళ్ళం. 900 చీరకి 1,800 పడేది. మర్నాడు పొద్దున్నే 50 శాతం తగ్గింపు అని బోర్డు. జనం ఒకరి మీద ఒకరు పడి కొనేవారు. ఇదంతా చేతులారా చేసినవాణ్ణి కదా, నేనైనా తెలివిగా ఉండాలా వద్దా? స్టీమ్‌లో మైనస్ 80 శాతం అని ఆకుపచ్చ డబ్బా కనిపించేసరికి నేనూ ఆ జనంలో ఒకణ్ణైపోయాను. ఇప్పుడు నా లైబ్రరీలో 160 ఆటలున్నాయి, తెరిచినవి డెబ్బై ఉండవు. మీ అత్త బీరువాలో మడత విప్పని చీరల గురించి నేను ఎత్తను, నా లైబ్రరీ గురించి ఆవిడ ఎత్తదు.

స్టిక్కర్ మార్చే ఆ విద్య స్టీమ్‌లో అంత తేలిగ్గా నడవదులే. ధర పెంచితే 30 రోజుల దాకా డిస్కౌంట్ పెట్టకూడదని ఆటలు అమ్మేవాళ్ళకి స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ నియమం పెట్టింది. కానీ మూడు నెలల ముందే పెంచుకున్నవాణ్ణి ఎవరూ ఆపరు. అందుకని శాతం వైపు చూడకు, రూపాయల వైపు చూడు. స్టీమ్‌డీబీ అని ఓ సైట్ ఉంది. ఆట పేరు కొడితే మన రూపాయల్లో ఇంతవరకూ ఎప్పుడెంత ఉందో, అన్నిటికన్నా తక్కువ ఎంతకి వచ్చిందో గీత గీసి చూపిస్తుంది. ఇప్పటి ధర దానికి సమానంగానో, ఇంకా తక్కువగానో ఉంటే ఆలోచించు. ఎక్కువుంటే వదిలెయ్. పైడితల్లమ్మ జాతరకి వెళ్ళే ముందు మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, ఊళ్ళో స్టీలు సామాన్ల కొట్టుకెళ్ళి గిన్నెల ధర కనుక్కుని వచ్చేది. జాతరలో ఎవడూ ఆవిణ్ణి మోసం చెయ్యలేకపోయాడు.

తొందర అస్సలు వద్దు. ఈ సేల్ జూన్ చివరి వారంలో మన టైం ప్రకారం రాత్రి పదిన్నరకి మొదలై రెండు వారాలు ఉంటుంది. ఆ మొదటి అరగంట సైట్ సరిగ్గా తెరుచుకోదు కూడా, పడుకో. ఒకప్పుడు గంటల లెక్కన మారిపోయే ఫ్లాష్ డీల్స్ ఉండేవి. నేను అలారం పెట్టుకుని అర్ధరాత్రి లేచి చూసేవాణ్ణి, పిచ్చి కాకపోతే! 2015 చివర్లో వాటిని ఎత్తేశారు. ఇప్పుడు మొదటి రోజు ఎంతో ఆఖరి రోజూ దాదాపు అంతే. ఇది పోతే చలికాలంలో ఇంకో పెద్ద సేల్ ఉంటుంది.

ఇక నీ అసలు సమస్య డబ్బు కాదురా. నీ లాప్‌టాప్, నీ హాస్టల్ నెట్.

నీ లిస్టులో పైనున్నది రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. గుర్రమెక్కి తిరిగే ఆట, మంచిదే, కాదనను. కానీ దానికి 150 జీబీ ఖాళీ కావాలని దాని పేజీలోనే రాసి ఉంది. నీ డిస్క్ మొత్తం 256. నువ్వు ఫోన్ హాట్‌స్పాట్ మీద బతుకుతున్నావు. రోజుకి రెండు జీబీ లెక్కన, వాట్సాప్ కూడా మానేసి దించుకున్నా, నెలలు పడుతుంది. ఆ తర్వాత తెరిస్తే, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని నీ లాప్‌టాప్ మీద గుర్రం అడుగు తీసి అడుగు వెయ్యదు. ప్రతి ఆట పేజీలో కిందికి వెళ్తే కనీసం ఏం కావాలి, ఏముంటే బాగుంటుంది అని రెండు వరసలు ఉంటాయి. రెండో వరసతో పోల్చుకో. మొదటి వరస అంటే ఆట తెరుచుకుంటుందని అర్థం, ఆడుకోవచ్చని కాదు.

నన్నడిగితే ముందు స్టార్‌డ్యూ వ్యాలీ కొను. 2016లో వచ్చింది, ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తనే చేసుకున్నాడు. 500 ఎంబీ చాలు. వ్యవసాయం ఆట. మీ నాన్న పొలానికి రమ్మంటే తలనొప్పి అంటావు, ఇందులో మాత్రం తెల్లారేదాకా నీళ్ళు పోస్తూ కూర్చుంటావు, చూస్తూండు. రెండోది పోర్టల్ 2. 2011 నాటిది కాబట్టి నీ లాప్‌టాప్ మొయ్యగలదు. సేల్‌లో బాగా తగ్గే ఆట. మెదడుకి పని పెడుతుంది, మధ్యలో నవ్విస్తుంది. హాలో నైట్ కూడా నీ లిస్టులో ఉంది, ఉంచుకో. కానీ చచ్చి చచ్చి నేర్చుకునే ఆట అది. నీ కోపం నాకు తెలుసు, మౌస్ విరగ్గొట్టకు.

కొన్నది ఏదైనా ఆ వారంలోనే మొదలుపెట్టు, దాచుకోకు. ఎందుకంటే కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది, కారణం ఏదైనా సరే. నాకీ వెసులుబాటు ఉందని తెలిసినా మూడు నెలల తర్వాత తెరిచి, నడవదని తెలుసుకున్న ఆటలు ఎన్నో. సంక్రాంతికి కొన్న చొక్కా ఉగాదికి విప్పి సైజు చాల్లేదంటే ఏ షాపువాడు తీసుకుంటాడు? ఇంకోటి. సేల్‌కి రెండు మూడు రోజుల ముందు తొందరపడి పూర్తి ధరకి కొన్నావనుకో, దాన్ని వాపసిచ్చి తగ్గిన ధరకి మళ్ళీ కొనుక్కోవచ్చు. అది తప్పేం కాదని స్టీమ్ వాళ్ళే రాశారు.

ఆటని బాగా చవగ్గా ఇచ్చి, దాని అదనపు భాగాలకి బాదేవాళ్ళు ఉంటారు. చీర 300కే ఇచ్చి ఫాల్, జాకెట్టు, కుట్టుకూలి దగ్గర లాగినట్టు. మొత్తం కలిపి లెక్కేసుకో. కొన్ని ఆటలు కట్టగట్టి అమ్మే బండిల్స్‌లోనూ రెండు మంచివాటితో పాటు కదలని సరుకు తోస్తారు, మేం ముదురు గోధుమరంగు జాకెట్టు ముక్కలు అలాగే వదిలించుకున్నాం. ఆన్‌లైన్‌లో పదిమందితో ఆడే ఆటలైతే సర్వర్లలో జనం ఉన్నారో లేరో ఈమధ్య రాసిన రివ్యూల్లో చూడు, పాత పొగడ్తలు పనికిరావు. బయట సైట్లలో కీ, అంటే ఆటని మన ఖాతాలో చేర్చే కోడ్, చవగ్గా అమ్ముతామంటే దాని జోలికి పోకు. స్టీమ్‌లోనే యూపీఐతో కట్టు.

43 ఆటల్ని పదికి తగ్గించు. ఎలాగంటావా, ఒక్కో ఆటకీ, ఇది పూర్తి ధరకి ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు కొనేవాణ్ణేనా అని అడుగు. సేల్ ఉంది కాబట్టే నచ్చినవి రాలిపోతాయి. ఆ పదిలో రెండో మూడో కొని, మిగిలిన డబ్బు అలాగే ఉంచు. సెమిస్టర్ పరీక్షలయ్యాక చలికాలం సేల్‌కి పనికొస్తుంది.

ఆదివారం ఖాళీ ఉంటే పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కి రా. విచర్ 3 అనే ఆట నా దగ్గరుంది, ఇక్కడ ఆడి చూసి కొనాలో వద్దో నువ్వే తేల్చుకో. మీ అత్త నీకోసం చేపల పులుసు పెడతానంది. మీ అమ్మ అడిగితే లెక్కలు నేర్చుకోవడానికి వస్తున్నానని చెప్పు. ధరలూ జీబీలూ లెక్కలేగా.

మీ మావయ్య