తెల్లవాళ్ళకు 25, మనకు 23: షుగర్ టెస్టులో ఈ తేడా ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి అమెరికాలో డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వయసు 33, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 71 కిలోలు. చూడటానికి సన్నగానే ఉంటాడు. మామూలు చెకప్‌కి వెళితే అక్కడి డాక్టర్ "మీరు ఏషియన్ కదా" అంటూ షుగర్ టెస్టు రాశారట. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. ఇంతే బరువున్న తెల్లవాళ్ళకు ఆ టెస్టు రాయరని తెలిసి వాడు బాధపడుతున్నాడు. మా వారికి చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. విజయవాడలో ఉండే మా అమ్మాయికి (30) కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పు తర్వాత తగ్గింది. ఇది మన రక్తంలోనే ఉందా? ఉంటే నోరు కట్టుకుని ఏం లాభం?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. అక్కడి డాక్టర్ సరైన పనే చేశారు. జాతి అడిగి టెస్టు రాశారంటే మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే మీ అబ్బాయి సంగతి ఇంకెప్పటికో గానీ బయటపడేది కాదు. 6.1 అంటే ఇంకా షుగర్ జబ్బు రాలేదు. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ; 6.5 నుంచి డయాబెటిస్. వెనక్కి తిప్పుకోవడానికి బాగా వీలున్న దశలోనే దొరికింది.

మీరు రాసిన ఎత్తు, బరువులను బట్టి అతని బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూసే లెక్క) సుమారు 23.8. అమెరికాలో 25 దాటితేనే అధిక బరువుగా లెక్కేస్తారు. అయితే 25 వచ్చేదాకా ఆగితే ఆసియా మూలాలున్న వారిలో చాలామందికి జబ్బు ఉన్నా తెలియకుండా పోతోందని గమనించి, 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా వారికి టెస్టు రాసే హద్దును 23కి దించింది. తండ్రికి షుగర్ ఉంది, బీఎంఐ 23 దాటింది. అందుకే 35 ఏళ్ళు రాకముందే టెస్టు రాశారు. 35 దాటాక ఎలాగూ బరువుతో పని లేకుండా అందరూ చేయించుకోవాల్సిందే.

సన్నగా ఉన్నవాడికి షుగర్ ఏమిటని మన దగ్గర చాలామంది అడుగుతారు. 2004లో పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోనే 'లాన్సెట్' వైద్య పత్రికలో వేయించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మన ఒంటి తీరు అది. కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వు కూడా పొట్టలోపల, కాలేయంలో చేరుతుంది. తిన్న అన్నంలోని గ్లూకోజును ఎక్కువగా పీల్చుకునేది కండే. అది తక్కువైతే, పైగా కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. కాబట్టి మీ అబ్బాయిని ఇవాళే టేపుతో నడుము కొలుచుకోమనండి. ప్యాంటు సైజు చూసి చెబితే సరిపోదు. మన మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2017-18 లెక్కలు చూస్తే, పెద్దవాళ్ళలో షుగర్ ఉందని తేలినవారు తెల్లవారిలో 7.5 శాతం, నల్లజాతి వారిలో 11.7, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) వారిలో 12.5, అక్కడి ఆదివాసుల్లో 14.7. ఆసియా వారందరినీ ఒకే గంపలో వేస్తే 9.2. ఈ చివరి అంకె చూసి మనం ఊపిరి పీల్చుకోకూడదు. అందులో చైనా మూలాల వారు 5.6 అయితే, భారతీయులు 12.6. 'ఏషియన్' అనే ఒక్క గడిలో మన ముప్పు తీవ్రత కనబడకుండా పోతోంది. హిస్పానిక్ వారిలోనూ అంతే, మెక్సికో మూలాలున్నవారిలో 14.4, క్యూబా వారిలో 6.5.

ఇక మీ అసలు ప్రశ్న, రక్తంలోనే ఉందా అని. వంశం పాత్ర ఉంది, కాదనను. కానీ అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉండే పిమా ఆదివాసుల సంగతి వినండి. పెద్దవాళ్ళలో 38 శాతం మందికి షుగర్. వారి దాయాదులే, అదే వంశం వాళ్ళు, మెక్సికో కొండల్లో వ్యవసాయం చేసుకుంటూ ఉన్నారు. 2006లో వచ్చిన పరిశోధన ప్రకారం వారిలో షుగర్ 6.9 శాతమే. అరిజోనా పిమాలు కూడా ఒకప్పుడు గీలా నది నీటితో పంటలు పండించుకున్నవాళ్ళే. 19వ శతాబ్దం చివర్లో పైనున్న వలసదారులు ఆ నీటిని మళ్ళించుకోవడంతో పొలాలు ఎండిపోయాయి. కృష్ణా కాలువలకు నీళ్ళు రాకపోతే డెల్టా గతి ఏమిటో మీకు తెలుసు. ఆ తర్వాత వారికి దక్కింది ప్రభుత్వం ఇచ్చే మైదా, పంచదార, కొవ్వు. శారీరక శ్రమ పోయింది. దీన్ని రక్తం మీదకు తోసేసి ఊరుకోవడం ఆ జనానికి అన్యాయం చేయడమే.

వైద్యం అందడం వల్ల కూడా ఎంత తేడా వస్తుందో వాళ్ళలోనే కనిపించింది. ఊళ్ళ దగ్గరే క్లినిక్కులు, క్రమం తప్పని టెస్టులు, బీపీ మందులు అందేసరికి 1996-2013 మధ్య అమెరికా ఆదివాసుల్లో షుగర్ వల్ల కిడ్నీలు పాడవడం 54 శాతం తగ్గింది. మన దేశంలోనూ అందరికీ ఒకేలా లేదు. 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రకటించిన సర్వేలో షుగర్ గోవాలో 26.4 శాతం, ఉత్తరప్రదేశ్‌లో 4.8 శాతం.

కాబట్టి నోరు కట్టుకోవడం వల్ల లాభం ఉంది. అసలు పూర్తిగా కట్టుకోనక్కర్లేదు కూడా. మీరు అబ్బాయికి గోంగూర పచ్చడి పార్సిల్ పంపినా దానివల్ల షుగర్ పెరగదు. బీపీ ఉంటే ఉప్పు గురించి ఆలోచించాలి, అంతే. ఆ పచ్చడితో లోపలికి వెళ్ళే పాలిష్ పట్టిన బీపీటీ అన్నమే సమస్య. అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో కూర, పప్పు, గుడ్డు పెంచమనండి. 2002లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలో వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. జాతితో నిమిత్తం లేకుండా అందరికీ పనిచేసింది. మీవాడికైతే ఓ ఐదు కిలోలు. బరువు తగ్గకపోయినా నిరాశ పడొద్దని చెప్పండి. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో పెద్దగా బరువు తగ్గకుండానే, తిండి, నడక మార్చుకున్నవారిలో షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. నడకతో పాటు వారంలో రెండు రోజులు కండ పెంచే వ్యాయామం కూడా చేయాలి. మీవాడి అంకెలకు ఇప్పుడే మందు అవసరం ఉండకపోవచ్చు, ఆ నిర్ణయం అక్కడి డాక్టర్‌కే వదిలేయండి. ఏడాదికోసారి టెస్టు మాత్రం మానకూడదు.

నిజానికి నాకు ఎక్కువ టెన్షన్ మీ అమ్మాయి గురించే. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన వారికి తర్వాత టైప్ 2 (మామూలుగా పెద్దవాళ్ళకు వచ్చే) షుగర్ వచ్చే ముప్పు మిగతావారి కంటే దాదాపు పది రెట్లు. "కాన్పుతో పోయిందిగా" అని చాలామంది మళ్ళీ టెస్టు వైపే చూడరు. పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు ఒకసారి రక్తం ఇచ్చి పరీక్ష చేయించమనండి. హెచ్‌బీఏ1సీ ఒక్కటే నమ్ముకోవద్దు. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ, ఐరన్ తక్కువగా ఉంటే ఆ అంకె తప్పుగా ఎక్కువ చూపించవచ్చు. అందుకే హిమోగ్లోబిన్ కూడా చూడాలి. ఇప్పుడు నార్మల్ వచ్చినా మూడేళ్ళు మించకుండా మళ్ళీ చేయించుకోవాలి. 30 నిండాయి కాబట్టి దగ్గర్లోని పీహెచ్‌సీలో మామూలు షుగర్, బీపీ ఉచితంగానే చూస్తారు. రెండో కాన్పు ఆలోచన ఉంటే ఈ టెస్టు ముందే చేయించుకోవాలి. గర్భం నిలిచాక మొదటి చెకప్‌లోనే పాత షుగర్ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.