పురావస్తు సర్వేకి అద్దె జీపులో వెళ్తున్నాం, బండి మధ్యలో దిగబడితే ఏం చేయాలి?

రేణిగుంట వైపు ఏటి గట్ల మీద సర్వేకి వెళ్తున్నామని అడిగారు కాబట్టి, ఎం.ఏ. చదివే రోజుల్లో అక్కడే మాకు జరిగింది చెప్తాను.

స్వర్ణముఖిలో కలిసే చిన్న ఏరు రాళ్ళకాలువ. 1960ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి గారు ఈ చుట్టుపక్కలే తిరిగి రాతియుగపు బ్లేడు పనిముట్లు, అంటే సన్నగా పొడుగ్గా కొట్టి తీసిన రాతి పెచ్చులు, గుర్తించారు. మేం నలుగురం పొద్దున్నుంచి నడుము వంచి అలాంటి రాళ్ళు ఏరి, ఎక్కడ దొరికిందో చీటీ రాసి గుడ్డ సంచుల్లో వేసుకున్నాం. సాయంత్రం ఏరు దాటుతుంటే వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ట్రాక్టర్ కోసం ఊళ్ళోకి పోయి వచ్చేసరికి డ్రైవరన్న టైర్ల కింద రాళ్ళు పేర్చి, మా కోసం ఎదురుచూస్తున్నాడు. పేరుకే రాళ్ళకాలువ, ఆ చోట అంతా ఇసుకే.

"యాడియన్నా ఈ రాళ్ళు?"

"పొద్దుట్నుంచి మీరే కదా సార్ ఏరి పెట్టినారు!"

మూడు సంచులు ఖాళీ. చీటీలు గాలికి పోయాయి. ఆయన్ని ఏమనగలం, మేం చెప్తే కదా!

టైరు కింద నలిగి అంచులు పెచ్చులూడినవి గుర్తుపట్టొచ్చు. పాత రాయి పైపొర ఎండావానలకు రంగు మారి ఉంటుంది, కొత్తగా విరిగిన చోట లేతగా కనిపిస్తుంది. కానీ ఏ రాయి ఏ గట్టు మీదదో ఎలా చెప్తాం? ఆ రోజు పనంతా వృథా. అప్పట్నుంచి రాయి మీదే చిన్న నంబరు వేసి, నోట్‌బుక్‌లో ఎక్కించి, సంచులు ముందు సీటు కింద పెడుతున్నాను.

ఇక బండి సంగతి. దిగబడగానే యాక్సిలేటర్ తొక్కడం ఆపండి, తొక్కేకొద్దీ లోతుకు పోతుంది. టైర్లలో కొంత గాలి తీస్తే అవి వెడల్పై ఇసుక మీద పట్టు దొరుకుతుంది. ముందున్న ఇసుక తోడి గోనెసంచులు పరవండి. జాకీ కింద చెక్కముక్క లేకపోతే అదీ దిగిపోతుంది. తర్వాత గాలి కొట్టుకోడానికి పంపు మర్చిపోవద్దు. స్టెప్నీలో గాలి ఉందో లేదో బయల్దేరే ముందే చూడండి.

అన్నట్టు, అనుమతి పత్రం జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. ఎర్రచందనం అడవులున్న చోటు, చీకట్లో బరువైన సంచులతో జీపు కనిపిస్తే దుంగల దొంగలనుకుని అటవీశాఖ వాళ్ళు ఊరుకోరు. ఆ రాత్రి "రాళ్ళు సార్" అంటే మమ్మల్ని ఎవరూ నమ్మలేదు. మిగిలిన సంచి విప్పి, ఒక్కోటీ టార్చి వేసి చూసి, గంటన్నర తర్వాత వదిలారు.