టెంకతో పోయే గుజ్జు ధర ఎంత?

ప్రశ్న: చిత్తూరు దగ్గర చిన్న మామిడి గుజ్జు యూనిట్ మాది. సీజన్లో రోజుకు 5 టన్నుల తోతాపురి ఆడిస్తాం. టెంకను అంటుకుని కొంత గుజ్జు చెత్తలోకి పోతోంది. అది కూడా రాబట్టాలంటే రెండో పల్పర్ (గుజ్జు తీసే మిషను) కావాలి, లక్షన్నర అవుతుంది. కాయే కిలో 8 రూపాయలు కదా, ఆ కాస్త గుజ్జు కోసం అంత పెట్టాలా?

జవాబు: 8 రూపాయలు కాయ ధర, గుజ్జు ధర కాదు. 2025లో ప్రభుత్వం తోతాపురి రైతుకు కిలోకు 12 రూపాయలు ఖరారు చేసి, 4 తాను భరించి, 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలంది. ఆ 8 దగ్గరే లెక్క ఆపేస్తే చెత్త ఎప్పుడూ చౌకగానే కనిపిస్తుంది.

టన్ను కాయ తీసుకోండి. కాయకు 8,000. బండి బాడుగ, దింపుడు కూలి, మాగబెట్టడం కలిపి 2,500 అనుకుందాం. కడగడం, కోయడం, పల్పర్‌లో ఆడించడం 3,500. మొత్తం 14,000. కుళ్లినవి, తొక్క, టెంక పోగా చేతికొచ్చేది 500 కిలోలైతే, పల్పర్ దగ్గరే గుజ్జు కిలో 28 రూపాయలు పడింది. వేడి చేసి, నింపి, సీలు వేసేసరికి ఇంకో 8. అంటే మాగే గదిలో కిలో కాయ కుళ్లితే పోయేది పదిన్నర, నింపే మిషను దగ్గర కిలో గుజ్జు ఒలికితే పోయేది 36. చెత్తకూ ఇలా ఖర్చు పంచి చూసే పద్ధతికి 2011లో ఐఎస్ఓ 14051 అనే ప్రమాణమే వచ్చింది. నష్టాన్ని ఎక్కడ ముందు ఆపాలో ఈ లెక్కే చెబుతుంది. మీరు మొదట చూడాల్సింది నింపే మిషను. 500 గ్రాముల సీసాలో 12 గ్రాములు ఎక్కువ పడుతుంటే వెయ్యి సీసాలకు 12 కిలోలు, 432 రూపాయలు. దానికి విరుగుడు గంటకోసారి అయిదు సీసాలు తూకం వేయడమే.

ఇక రెండో పల్పర్. దాంతో టన్నుకు 20 కిలోలు అదనంగా వస్తాయనుకోండి. దాన్ని 28తో గుణించి లాభమనుకోవద్దు. గుజ్జుకు గిరాకీ ఉండి, కిలో 50కి అమ్ముడుపోతే, తర్వాతి ఖర్చు 8 తీసేయగా కిలోకు 42, టన్నుకు 840 మిగులుతుంది. 50 రోజుల సీజన్లో 250 టన్నులకు 2,10,000. గిరాకీ పెరగకపోతే లెక్క వేరు. అదే 500 కిలోల గుజ్జుకు 38 కిలోల కాయ తక్కువ కొంటారు, అంతే. కిలో పదిన్నర చొప్పున దాని మీద మిగిలేది టన్నుకు సుమారు 400, సీజన్‌కు లక్ష. ఈ రెంటిలోంచీ కొత్త మిషను కరెంటు, మనిషి కూలి తీసేయాలి. కాబట్టి ఆర్డర్లు చేతిలో ఉంటేనే కొనండి.

కొనేముందు ఒక పూట పని చేయండి. పది కిలోల టెంకలు పక్కకు తీసి, గీకి, వచ్చిన గుజ్జు తూకం వేయండి. ఎక్కువ వస్తే తప్పు మిషనుది కాకపోవచ్చు. సరిగా మాగని కాయలో గుజ్జు టెంకను వదలదు, బ్రిక్స్ (గుజ్జులో తీపి కొలత) కూడా తగ్గుతుంది. మాగినవీ మాగనివీ వేరు చేసే మనిషి కూలి లక్షన్నరలో ఏమంత! మిషను కొన్నాక కూడా, మరీ పిండాలని పల్పర్ లోపల తిరిగే తెడ్డును జల్లెడకు ఆనించేస్తే తొక్క ముక్కలు గుజ్జులో పడి నల్ల చుక్కలు, చేదు వస్తాయి. అప్పుడు 20 కిలోల కోసం లాటు మొత్తం వెనక్కి వస్తుంది.

ప్రశ్న: తిరుపతిలో మజ్జిగ, లస్సీ అమ్ముతాను. ప్లాస్టిక్ సీసా 4 రూపాయలు, గాజుది 14. గాజుకు మారితే నష్టమేనా?

జవాబు: తిరుమల కొండ మీద నీళ్ల గాజు సీసాకు డిపాజిట్ తీసుకుని, ఖాళీది తెస్తే తిరిగిస్తారు. మీరు అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది: నూటికి ఎన్ని తిరిగొస్తాయి? 90 వచ్చి, కడగడంలో 2 పగిలితే 88 మిగులుతాయి. ప్రతి వాడకానికి సీసా ఖర్చు 14లో నూటికి 12 వంతులు, అంటే రూపాయి 68 పైసలు. కడగడం, తెప్పించడం 2 రూపాయలు. మొత్తం 3.68, ప్లాస్టిక్ కంటే తక్కువే. తిరిగి వాడగలిగేవి 70కి పడితే 6.20 అవుతుంది. 86 దగ్గర రెండూ సమానం.

అందుకే అపార్ట్‌మెంట్లకు, హాస్టళ్లకు ఇచ్చేదానికి గాజు పెట్టండి. రైలెక్కి వెళ్లిపోయే యాత్రికుడు సీసా తెచ్చివ్వడు. అతని డిపాజిట్ మీకు మిగలొచ్చు గానీ గాజు చెత్తకుప్పకే పోతుంది, దాన్ని ఆదాయమనుకోకండి. సీసా వెడల్పు మూతిది, ఒకే సైజుది, లేబుల్ జిగురు వేడి నీళ్లకు ఊడేది ఎంచుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను నేరుగా మరిగే నీళ్లలో ముంచితే పగులుతుంది. ముందు గోరువెచ్చటి నీళ్లతో తడపాలి.

ప్రశ్న: మా 100 గ్రాముల జామ్ సీసా 40కి అమ్ముతాం. సరుకు, సీసా, ప్యాకింగ్ 31. అద్దె వాటా 11 వేస్తే 2 రూపాయలు నష్టం. ఆపేయాలా?

జవాబు: ఆపితే అద్దె ఆగదు, పోయేది 9 రూపాయల మిగులు. అయితే మిషను టైము చూడండి. గంటకు ఇవి 300 నింపితే 2,700 మిగులుతుంది. పెద్ద సీసాలు గంటకు 120 నింపి, ఒక్కోదానికి 30 మిగిలితే 3,600. మిషను ఖాళీ లేని నెలల్లో పెద్దవే నింపి, మిగతా కాలంలో చిన్నవి చేయండి. రెంటికీ ఒకే మూత సైజు పెట్టుకుంటే సీలు మిషను సెట్టింగు మార్చే తిప్పలూ, రెండు రకాల మూతల నిల్వా తప్పుతాయి.