1300 నాటి ఇంగ్లిష్ నైట్ (గుర్రపు యోధుడు) డాలు మీద గుర్తు నిజంగా ఆ కాలానిదే అనిపించేలా ఎలా గీయాలి?

ముందు ఒక్క డాలే గీయండి. కింద రిబ్బన్ మీద నినాదం, అటూ ఇటూ డాలు పట్టుకుని నిలబడ్డ జంతువులు, ఇవన్నీ తర్వాతి కాలంలో వచ్చి చేరినవే.

అసలు కిటుకు రంగుల్లో ఉంది. బంగారం (పసుపు), వెండి (తెలుపు) లోహాలు; ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదు, ఎందుకంటే నలుపు మీద నీలం దూరం నుంచి అసలు కనబడదు. జెరూసలేం రాజ్యం వెండి మీద బంగారు శిలువలు పెట్టుకుంది కానీ అది పేరుమోసిన మినహాయింపు, దాన్ని చూసి మీరు మొదలుపెట్టకండి.

ఒకటి రెండు గుర్తులు చాలు. నీలం డాలు మీద ఏటవాలుగా ఒక్క బంగారు పట్టీ, అంతే, దాని కోసమే స్క్రోప్, గ్రోవ్‌నర్ కుటుంబాలు 1385 నుంచి ఏళ్ల తరబడి కేసు నడిపాయి, కవి చాసర్ కూడా వచ్చి సాక్ష్యం చెప్పాడు! సింహం వేస్తే ఫొటోలోలా షేడింగ్ వద్దు. సన్నటి నడుము, బయటికి చాచిన నాలుక, విప్పిన గోళ్లతో డాలు అంచుల దాకా నిండిపోవాలి.