ఎంపీసీ చదివినా మట్టి చదువుకి దారుంది

తమ్ముడూ, నీ చెల్లి ఎంపీసీ చదివింది, తనకి మట్టి, నీళ్ల మీద ఇష్టం, శ్రీకాకుళం దగ్గరి నైరా వ్యవసాయ కాలేజీలో సీటు రాదన్నారని టెన్షన్ పడుతున్నావు. నైరాలో ఉన్నది బీఎస్సీ అగ్రికల్చర్, దానికి ఈఏపీసెట్‌లో బైపీసీ వాళ్లనే తీసుకుంటారు. తనకి సరిపోయేది బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్. నాలుగేళ్లు. దీనికి బాపట్లలో ఎన్జీ రంగా వ్యవసాయ వర్సిటీ కాలేజీ ఉంది.

అందులో నేల, నీటి సంరక్షణ పెద్ద విభాగం. రెండు ఇనప రింగులు, ఒకదాని లోపల ఒకటి, నేలలో దిగగొట్టి నీళ్లు పోసి, గంటకి ఎంత ఇంకుతోందో స్కేలుతో కొలుస్తారు. మన శ్రీకాకుళం ఎర్రనేలల్లో నీళ్లు ఎందుకు నిలవవో అప్పుడు బాగా తెలుస్తుంది. మట్టి రసాయనం మాత్రం ఈ కోర్సులో కొంచెమే.

బాపట్ల దూరమని మాత్రం వద్దనకు. ఇంత ఇష్టంగా అడిగే పిల్లలు తక్కువ. ర్యాంకు రాగానే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి.