పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2014ల కొన్న ల్యాప్‌టాప్. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతనే ఉంటది. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే పనికొస్తదా, కొత్తది కొనుడే నయమా? దుకాణంల 'ఎం.2' అంటున్నరు, అదేంది?
– ప్రైవేటు టీచర్, హన్మకొండ

జవాబు: ముందు ఒక పరీక్ష చేయండి. యంత్రం మొరాయిస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ గడి 100 శాతం దగ్గర నిలిచిపోయి, సీపీయూ 20, 30 దగ్గరే ఉంటే ప్రాసెసర్‌ది తప్పు కాదు, హార్డ్ డిస్క్‌ది. అలాగైతే ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టే, చిప్‌లలో డేటా దాచే డ్రైవ్, తప్పకుండా పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక చోట చదివి ఇంకో చోటుకు జరగడానికి దానికి 10 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. విండోస్ లేచేటప్పుడు చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ఫైళ్లు చదవాలి, ఆలస్యమంతా అక్కడే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగం లేదు, అదే పని 0.1 మిల్లీసెకను దగ్గర్లో అయిపోతుంది. డబ్బా మీద పెద్దక్షరాలతో వేసే సెకనుకు '550 ఎంబీ' వేగం కన్నా మీకు పనికొచ్చేది ఇదే.

ఎం.2 అనేది బబుల్‌గమ్ పట్టీ అంత ఉండే సన్నని కార్డు. అందులో సాటా (హార్డ్ డిస్కులు వాడే పాత కనెక్షన్), ఎన్‌వీఎంఈ (అంతకన్నా వేగమైన కొత్తది) అని రెండు రకాలు, చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. 2014 నాటి యంత్రాల్లో చాలావాటికి ఆ స్లాటే ఉండదు. కార్డు స్లాటు కనిపించినా అది వైఫై కోసం పెట్టింది కావచ్చు. మీరు అడగాల్సింది '2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ'. ఇవి 7 మిల్లీమీటర్ల మందం. పాత హార్డ్ డిస్కులు కొన్ని 9.5 ఉంటాయి. ఆ గూట్లో కొత్తది వదులుగా కదిలితే కనెక్టర్ మీద ఒత్తిడి పడుతుంది, 2.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్పేసర్ పెట్టించండి. నామమాత్రపు ధరకు '2 టీబీ' అని అమ్మే పేరూ ఊరూ లేని డ్రైవ్‌లు వద్దు. లోపల ఉండేది చాలా తక్కువ, నిండాక పాత ఫైళ్ల మీదే కొత్తవి రాస్తుంది.

ర్యామ్ కూడా 8 జీబీ చేయించండి. 4 జీబీతో బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే మిగతా భారం డిస్క్ మీదే పడుతుంది. ఆ కాలం ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ అడుగుతాయి. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పెడితే కొన్ని అసలు లేవవు.

ఒక్కటి మాత్రం తెలిసి ఖర్చు పెట్టండి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 మీ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు. పాఠాలు, బ్రౌజింగ్, మార్కుల పట్టికలే మీ పనైతే కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేసుకోవడం మా దృష్టిలో మేలు.

ప్రశ్న: మాది పెండ్లిపత్రికలు చేసే డీటీపీ దుకాణం. ల్యాప్‌టాప్‌ల విండోస్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నయి. సీడీలు ఎప్పుడో పోయినయి. 500 జీబీల 150 నిండింది. అన్నీ ఉన్నవి ఉన్నట్టే 480 జీబీ ఎస్‌ఎస్‌డీకి మార్చొచ్చా?
– కరీంనగర్

జవాబు: మార్చొచ్చు, దాన్నే క్లోనింగ్ అంటారు. మీ పరిస్థితిలో కొత్తగా విండోస్ వేయడం కన్నా ఇదే సరైన దారి. అను అక్షరాలు యూనికోడ్ కావు కనుక ఆ ఫాంట్లు పోతే పాత పత్రికలన్నీ చదవలేని ఇంగ్లిష్ గుర్తులుగా తెరుచుకుంటాయి. ఫాంట్ల ఫోల్డర్‌ను, పేజ్‌మేకర్ పీఎండీ ఫైళ్లను ముందే ఒక పెన్‌డ్రైవ్‌లోకి వేరుగా ఎత్తిపెట్టండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు హార్డ్ డిస్క్ నంబరుకే లైసెన్సు ముడివేస్తాయి, క్లోన్ చేసినా మళ్లీ కీ అడగవచ్చు. బిల్లు, కీ వెతికి దగ్గర పెట్టుకోండి.

500 జీబీ హార్డ్ డిస్క్ విండోస్‌లో 465గా, 480 ఎస్‌ఎస్‌డీ 447గా కనిపిస్తాయి. అంటే కొత్తదే చిన్నది. ఉచిత క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ క్లోనెజిల్లా మామూలు పద్ధతిలో అంతే సైజు లేదా పెద్ద డ్రైవ్ కావాలంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీ డ్రైవ్‌ను 'ష్రింక్' చేసి కుదించినా ఒక్కోసారి తిరకాసు పెడుతుంది. ఇంకా కొనకపోతే 500 గానీ 512 గానీ తీసుకోండి, ఈ గొడవే ఉండదు. కొనేసి ఉంటే ఆ ఎస్‌ఎస్‌డీ కంపెనీ ఇచ్చే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ వాడండి. క్రూషియల్, వెస్ట్రన్ డిజిటల్ తమ డ్రైవ్‌లకు అక్రానిస్ ఉచితంగా ఇస్తాయి, అది పార్టిషన్లను (సీ, డీ లాంటి డిస్క్ భాగాలను) తనే కుదిస్తుంది. మీరు తెచ్చుకున్న వెర్షన్ విండోస్ 7 మీద నడుస్తుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ–సాటా కేబుల్‌తో తగిలించండి. ఏది మూలం, ఏది గమ్యం అన్నది సైజునే కాదు, కంపెనీ పేరును కూడా చదివి ఎంచుకోండి. ఇక్కడ తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి మీ పని మీద పరుచుకుంటుంది. 150 జీబీకి యూఎస్‌బీ 3.0లో గంట లోపు, 2.0లో గంటన్నర దాకా పట్టవచ్చు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ ఉన్న చోటే చేయండి. మధ్యలో కరెంటు పోతే పాత డిస్క్‌కు సాధారణంగా ఏమీ కాదు గానీ క్లోన్ మొదటి నుంచి చేయాలి.

తర్వాత బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి ఉంచి, అడుగు మూత విప్పండి. మూత రాకపోతే బలవంతం వద్దు. రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవ్ దగ్గర ఇంకో స్క్రూ దాగి ఉంటుంది. హార్డ్ డిస్క్‌ను పైకి లేపకుండా ముందు కనెక్టర్ నుంచి పక్కకు జరిపి తీయాలి. దాని లోహపు ఫ్రేమును విప్పి ఎస్‌ఎస్‌డీకి బిగించండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ తగిలించి ఉండొద్దు. రెండిటి గుర్తింపు సంఖ్య ఒకటే కనుక విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది.

లేచాక విండోస్ 7లో షెడ్యూల్ ప్రకారం నడిచే డీఫ్రాగ్‌ను (చెల్లాచెదురైన ఫైళ్లను ఒకచోట చేర్చే పనిని) ఆపండి. ఎస్‌ఎస్‌డీకి అది అనవసరపు అరుగుదల.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ల మా అడ్తి దుకాణం. లెక్కల ల్యాప్‌టాప్ టిక్ టిక్ అంటూ ఆగిపోతున్నది. ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేయిద్దామంటున్నరు.
– వరంగల్

జవాబు: వద్దు. ఆ చప్పుడు వినగానే యంత్రాన్ని ఆపేయాలి. క్లోనింగ్ డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది, కొనఊపిరితో ఉన్న డిస్క్ సగంలోనే పోవచ్చు. డిస్క్ తప్పులు వెతికే విండోస్ చెక్‌డిస్క్ కూడా నడపవద్దు. అది చెడిన చోట్లను సరిచేయబోయి మిగిలిన ఫైళ్లకు ముప్పు తెస్తుంది. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి ముందు లెక్కల ఫోల్డర్ ఒక్కటే ఎత్తండి, తర్వాతే మిగతావి. ఆ ఫోల్డర్ కూడా రాకపోతే ఇంకోసారి ఆన్ చేయకుండా డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ కొత్తగా వేసుకోవడమే. మూత తెరిచినప్పుడు ఫ్యాన్‌కు పట్టిన పత్తి నూగు కూడా తీయించండి.

ప్రశ్న: క్లోన్ అయింది, బిగించిన. 'బూట్ డివైస్ నాట్ ఫౌండ్' అంటున్నది.
– ఇంజినీరింగ్ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: బయోస్‌లో (విండోస్ లేవకముందు తెరుచుకునే సెటప్ తెరలో) డ్రైవ్ పేరు కనిపిస్తుందా? కనిపించకపోతే కనెక్టర్ పూర్తిగా కూర్చోలేదు, తీసి మళ్లీ బిగించండి. కనిపిస్తే బూట్ మోడ్ చూడండి. పాత డిస్క్ పార్టిషన్ల పట్టిక పాత పద్ధతి ఎంబీఆర్ అయితే బూట్ మోడ్ లెగసీ, కొత్త పద్ధతి జీపీటీ అయితే యూఈఎఫ్‌ఐ ఉండాలి. జీపీటీ డిస్క్‌లో సీ డ్రైవ్ ఒక్కదాన్నే క్లోన్ చేస్తే దాని ముందుండే 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ (విండోస్‌ను లేపే ఫైళ్లు ఉండేది) పాత డిస్క్‌లోనే మిగిలిపోతుంది, అప్పుడూ ఇదే సందేశం వస్తుంది. డిస్క్ మొత్తాన్ని మళ్లీ క్లోన్ చేయండి. పాత డిస్క్‌ను రెండు మూడు వారాలు చెరపకుండా ఉంచండి.