పాత లోగోను సరిదిద్దేటప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ఒంగోలులో మీ నాన్నగారు ముప్ఫై ఏళ్ల క్రితం పెట్టిన పచ్చళ్ల దుకాణానికి అప్పటి బొమ్మే ఇంకా లోగోగా ఉందనీ, దానిని పూర్తిగా మార్చాలా, కొద్దిగా సరిదిద్దితే సరిపోతుందా అనీ మీరు అడిగారు. మాది నెల్లూరు పక్కన కోవూరులో బియ్యం వ్యాపారం. ఈ పని మేము రెండుసార్లు చేశాము. మొదటిసారి చెడగొట్టుకున్నాము కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను.

మా బస్తాల మీద ముక్కున వరికంకి పట్టుకున్న చిలక ఉంటుంది. బోర్డులు రాసే ఒక పెయింటరు చేత నాన్నగారు దానిని గీయించారు. రెక్క కాస్త కోడిరెక్కలా ఉండేది, పేరులోని అక్షరాలు ఒక్కొక్కటి ఒక్కో లావున ఉండేవి. 2022 జూలైలో 25 కేజీల వరకు ఉన్న బియ్యం ప్యాకెట్ల మీద 5 శాతం జి.ఎస్.టి. వచ్చి, మార్కెట్లో చాలామందిలాగే మేమూ 26 కేజీల సంచికి మారినప్పుడు, ఎలాగూ కొత్త సంచులు అచ్చు వేయించాలి కదా అని లోగోను ఒక డిజైనరుకు అప్పగించాను. ఆయన కంకిని తీసేసి, చిలకను రెండు సన్నని గీతలకు కుదించి, ఆకుపచ్చకు బదులు ముదురు నీలం వాడారు. కంప్యూటరు తెర మీద చూస్తే ముచ్చటగా ఉంది. ఐదు వేల సంచులు వేయించాను.

నేసిన ప్లాస్టిక్ సంచి మీద ఆ సన్నని గీతలు ఎక్కడికక్కడ తెగిపోయి చుక్కలుగా కనిపించాయి. అంతవరకైతే సర్దుకునేవాళ్లమే, కానీ అసలు దెబ్బ చిల్లర దుకాణాల దగ్గర తగిలింది. మా సరుకును పేరు చదివి కొనేవారు తక్కువ, "చిలక బస్తా ఒకటి వెయ్యండి" అని అడిగేవారే ఎక్కువ. కొత్త సంచిని చూసి అది డూప్లికేటు అనుకున్నారు. కావలిలో పాతికేళ్లుగా మా దగ్గర కొంటున్న దుకాణదారు ఒకాయన, "ఎవరో మీ పేరు పెట్టుకుని అమ్ముతున్నారు, చూసుకోండి" అని నాకే ఫోన్ చేసి హెచ్చరించారు.

రెండోసారి డిజైనరు దగ్గరికి వెళ్లకముందే, గోడౌనులో ఆరుగురు హమాలీల చేతికి సుద్దముక్కలిచ్చి, బస్తా వైపు చూడకుండా మన బొమ్మను నేల మీద గీయమన్నాను. రెక్క ఎవరికీ సరిగా రాలేదు, ఇద్దరు తోకే మరిచిపోయారు. అయితే వంకర ముక్కునూ, దాని నుంచి కిందికి వాలిన కంకినీ మరిచినవారు ఒక్కరూ లేరు. ముక్కుకు ఎర్ర సుద్ద కావాలని ఒకాయన అడిగాడు కూడా. ఆ ముక్కునూ, కంకినీ, ఎరుపునూ అలాగే ఉంచి, రెక్కనూ తోకనూ తిరిగి గీయించి, గీతలను లావు చేయించాను. మీరూ పాత ఖాతాదారుల చేత ఇలా గీయించి చూడండి. రెండు బొమ్మలు ముందు పెట్టి ఏది బాగుందని అడిగితే మాత్రం మొహమాటానికి కొత్తదే బాగుందంటారు.

అక్షరాల విషయంలో, పాత పెయింటరు రాతనే శుభ్రం చేయించుకున్నాము. మీకు అలాంటి రాత లేకపోతే రామభద్ర, మండలి, పొన్నాల వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, వాటిని వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఏది ఎంచుకున్నా, పేరును పచ్చడి సీసా మూత మీద పట్టేంత చిన్నగా అచ్చు తీసి, ఒత్తులు పై అక్షరానికి అంటుకుపోతున్నాయేమో చూడండి. రబ్బరు స్టాంపులో ఒకే రంగులో పడినా బొమ్మ గుర్తుపట్టేలా ఉండాలి.

మీ గుర్తు ట్రేడ్‌మార్కుగా రిజిస్టరై ఉంటే ఇంకొక జాగ్రత్త అవసరం. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలోని 22వ సెక్షను ప్రకారం, గుర్తు స్వరూపం పెద్దగా మారని సవరణలకే అదే రిజిస్ట్రేషను కింద అనుమతి ఉంటుంది. బొమ్మనే మార్చేస్తే కొత్త దరఖాస్తు పెట్టుకోవాలి. మన ప్రాంతం ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వారి చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తుంది. ఆన్‌లైన్‌లో వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఒక్కో తరగతికి (అంటే ఒక్కో రకం సరుకుల వర్గానికి) రుసుము 4,500 రూపాయలు. రిజిస్ట్రేషను పూర్తి కాకముందే లేబులు మీద సున్నాలో 'ఆర్' గుర్తు వేయించకండి, అది నేరం.

లేబులు ఎలాగూ మళ్లీ అచ్చుకు వెళ్తుంది కాబట్టి ప్రూఫులో (అచ్చుకు ముందు చూపే నమూనాలో) ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల లైసెన్సు నంబరును ఒక్కొక్క అంకె చొప్పున సరిచూసుకోండి. చివరి వాయిదా చెల్లించే ముందే డిజైనరు దగ్గర వెక్టరు ఫైలు (ఎంత పెద్దది చేసినా గీతలు చెదరని అసలు ఫైలు) తీసుకుని రెండు చోట్ల దాచుకోండి. మా చిలక అసలు బొమ్మ మా దగ్గర లేదు, గీసిన పెయింటరు గారూ లేరు. చివరికి అటక మీద దొరికిన ఒక పాత గోనె సంచిని ఉతికి, ఇస్త్రీ చేసి, ఫొటో తీసి, ఆ ఫొటో ఆధారంగానే కొత్త బొమ్మ గీయించుకోవలసి వచ్చింది.